తెలుగు గజల్‌ను సగంలో వదిలేయకుండా పూర్తి చేయడం: కాఫియా పట్టిక నుంచి మక్తా వరకు

"మత్లా (గజల్‌లో మొదటి రెండు పాదాలు) బాగా వచ్చింది, ఆ తర్వాత కదలడం లేదు." గజల్ మొదలుపెట్టిన వాళ్ళు ఎక్కువగా అడిగేది ఇదే. వచన కవిత రాయగలిగినవాళ్ళు, పద్యం మీద పట్టున్నవాళ్ళు కూడా రెండో షేర్ (రెండు పాదాల జంట) దగ్గరో మూడో షేర్ దగ్గరో ఆగిపోతారు. కారణం భావాలు లేకపోవడం కాదు. గజల్‌ను మొదటి పాదం నుంచి కిందికి రాసుకుంటూ పోవడమే కారణం. ఇది పాదం చివరి నుంచి వెనక్కి కట్టుకుంటూ రావాల్సిన ప్రక్రియ. ఏ మాటతో ముగుస్తుందో ముందే తేల్చుకుంటే మిగతా పని నడుస్తుంది.

ఈ మార్గదర్శిలో అయిదు షేర్ల గజల్ ఒకటి మొదటి నుంచి చివరి దాకా కట్టి చూపిస్తాను. ఉదాహరణ పాదాలన్నీ ఇందుకోసం రాసినవే. పక్కన కాగితం, పెన్ను పెట్టుకుని చదవండి.

## 1. ముందుగా ఆరు పేర్లు

- మిస్రా: ఒక పాదం.
- షేర్: రెండు మిస్రాలు. అర్థంలో తనంతట తాను నిలబడాలి.
- రదీఫ్: షేర్ చివర మార్పు లేకుండా తిరిగి వచ్చే మాట.
- కాఫియా: రదీఫ్‌కు సరిగ్గా ముందుండే ప్రాస పదం. ధ్వని ఒకటే, పదం మారుతుంది.
- మత్లా: మొదటి షేర్. రెండు మిస్రాల్లోనూ కాఫియా, రదీఫ్ ఉంటాయి. మిగతా షేర్లలో రెండో మిస్రాలో మాత్రమే.
- మక్తా: చివరి షేర్. కవి తన కలం పేరు, అంటే తఖల్లుస్, ఇందులో పెడతాడు.

సాధారణంగా అయిదు షేర్లకు తగ్గకుండా రాస్తారు. అయిదు షేర్లకు ఆరు కాఫియాలు కావాలి, ఎందుకంటే మత్లా ఒక్కటే రెండు తీసుకుంటుంది. ఈ లెక్క గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది.

యతి, ద్వితీయాక్షర ప్రాస గజల్‌కు నియమాలు కావు. పద్యం అలవాటున్నవాళ్ళు వాటిని కూడా పాటించబోయి చెయ్యి కట్టేసుకుంటారు. సహజంగా వస్తే ఉంచండి, వాటికోసం మాట మార్చవద్దు.

## 2. రదీఫ్ ఎంచుకోవడం

మొదట తేల్చాల్సింది ఇదే. దీనికి రెండు మూడు రోజులు పట్టినా నష్టం లేదు. తప్పు రదీఫ్‌తో మొదలైన గజల్‌ను తర్వాత ఏ మరమ్మతూ కాపాడలేదు.

తెలుగు వాక్యం మామూలుగా క్రియతో ముగుస్తుంది. కాబట్టి వాక్యాన్ని సహజంగా ముగించే మాట రదీఫ్‌గా బాగా కుదురుతుంది: చాలు, వద్దు, లేదు, గుర్తుందా, తెలుసు. నామవాచకాన్ని రదీఫ్ చేస్తే ప్రతి వాక్యాన్నీ తలకిందులు చేయాల్సి వస్తుంది. రెండు షేర్లకే అది కృతకంగా వినిపిస్తుంది.

రెండో జాగ్రత్త సంధి గురించి. మన పదాలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి. రదీఫ్ కూడా అచ్చుతో మొదలైతే రెండూ కలిసిపోతాయి. "ఇంకా" రదీఫ్ అనుకోండి. "గాలి ఇంకా" అని రాస్తారు, నోట్లో "గాలింకా" అవుతుంది. కాఫియా ధ్వని మాయం, ఒక మాత్ర (పలికే కాలం కొలత) కూడా తగ్గింది. అందుకే మొదటి గజల్‌కు హల్లుతో మొదలయ్యే రదీఫ్ తీసుకోండి.

మూడోది, అసలైనది: ఆ మాటకు ఒకటి కంటే ఎక్కువ మనోభావాలు పలికే శక్తి ఉండాలి. "చాలు" తీసుకుందాం. "నువ్వుంటే చాలు" అంటే తృప్తి. "ఇంక చాలు" అంటే విసుగు. "ఇదైనా చాలు" అంటే వేడుకోలు. ఒకే మాట మూడు రకాలుగా పలికితే అయిదు షేర్ల పాటు విన్నా విసుగు రాదు. "ఓ ప్రియా" లాంటి పిలుపు ఏ వాక్యం చివరైనా అతుకుతుంది. సరిగ్గా అందుకే అది బలహీనమైన రదీఫ్.

మన రదీఫ్: చాలు.

రదీఫ్ పరీక్ష:

- [ ] వాక్యాన్ని సహజంగా ముగిస్తోందా?
- [ ] హల్లుతో మొదలవుతోందా?
- [ ] కనీసం రెండు వేర్వేరు భావాల్లో వాడగలరా?
- [ ] తీసేస్తే వాక్యం కుంటుపడుతోందా? (పడాలి. పడకపోతే అది అలంకారం మాత్రమే.)

## 3. కాఫియా పట్టిక

ఇక్కడ ఓపిక పట్టినవాళ్ళే గజల్ పూర్తి చేస్తారు. ఒక్క పాదం కూడా రాయకముందే కాఫియా పదాలన్నీ పోగు చేయండి. పదికి తగ్గకూడదు.

"చాలు" ముందు నామవాచకం పెడదాం. "ఒక మాట చాలు" అన్నది ముందు తట్టింది కాబట్టి "ఆట" ధ్వనితో ముగిసే పదాలు వెతికాను:

మాట, పాట, బాట, ఆట, సయ్యాట, కొట్లాట, పెనుగులాట, వెతుకులాట, దోబూచులాట, తొక్కిసలాట.

తోట, కోట, పూట, వేట, మూట ఇందులోకి రావు. చివరి అక్షరం "ట" అయినంత మాత్రాన సరిపోదు, దాని ముందున్న అచ్చు కూడా కలవాలి. తెలుగులో కాఫియా దెబ్బతినేది ఎక్కువగా ఇక్కడే. "తోట"కీ "పాట"కీ అక్షరం కలిసింది, ధ్వని కలవలేదు.

### ప్రత్యయాన్ని ప్రాస అనుకోవద్దు

"చెప్పాను, వెళ్ళాను, చూశాను" కాఫియాలు కావు. అక్కడ కలిసింది "ఆను" అనే ప్రత్యయమే, ధాతువులు కలవలేదు. "చెట్లు, పూలు, రోజులు" కూడా అంతే, బహువచన "లు" ప్రతి పేరుకీ వస్తుంది. "రావాలి, చూడాలి, చెప్పాలి"దీ ఇదే సంగతి. ఇలాంటి ప్రాస ఎంతైనా దొరుకుతుంది. శ్రమ లేకుండా దొరికినదాన్ని చెవి లెక్కచేయదు.

క్రియలే కావాలంటే ధాతువు దగ్గర కలపండి: పాడాను, ఆడాను, వాడాను, కాపాడాను. ప్రత్యయం తీసేసినా పాడు, ఆడు, వాడు, కాపాడు అని ప్రాస మిగులుతుంది. పరీక్ష ఇదే: ప్రత్యయం చెరిపి చూడండి, ప్రాస ఉంటే ఉంచండి.

### మత్లా పెట్టే కట్టుబాటు

మత్లాలోని రెండు కాఫియాల్లో ఎంత ధ్వని కలుస్తుందో, గజల్ మొత్తం అంతా కలపాలి. మత్లాలో "పెనుగులాట, వెతుకులాట" వాడితే "లాట" అంతా నియమమైపోతుంది. తర్వాత "మాట" గానీ "పాట" గానీ పెట్టడానికి వీల్లేదు. అదే "మాట, బాట" వాడితే "ఆట" ఒక్కటే నియమం, దారి విశాలంగా ఉంటుంది. పొడవైన పదాలను కిందికి దాచుకోండి, చిన్నవాటితో మత్లా కట్టండి.

ఒక అభ్యంతరం రావచ్చు. ఆట, పెనుగులాట, వెతుకులాట, మూడింటిలోనూ ఉన్నది ఒకే "ఆట" కదా అని. కఠినంగా చూసేవాళ్ళు ఈ మాట అంటారు, అందులో న్యాయం ఉంది. అర్థాలు బాగా దూరం జరిగాయి కాబట్టి నేను అనుమతిస్తాను. కానీ "లాట" రెండింటినీ పక్కపక్కన పెట్టను. పట్టిక ఇంకా పెద్దదైతే ఈ ఇబ్బంది ఉండేది కాదు. మీకు తొలి ప్రయత్నం సులువుగా సాగాలంటే "ఆనం", "ఆరం" లాంటి ధ్వని తీసుకోండి. సంస్కృత పదాలు కూడా కలిసొచ్చి పట్టిక నిండుతుంది: గానం, ధ్యానం, స్థానం, సోపానం. నేను "ఆట" ఎంచుకున్నది అవి ఇంట్లో వాడే మాటలు కాబట్టి.

కాఫియా పరీక్ష:

- [ ] కనీసం పది పదాలున్నాయా?
- [ ] చివరి అక్షరంతో పాటు దాని ముందరి అచ్చూ కలిసిందా?
- [ ] ప్రత్యయం తీసినా ప్రాస మిగులుతోందా?
- [ ] ప్రతి పదాన్నీ రదీఫ్‌తో కలిపి పైకి చదివారా? ("తొక్కిసలాట చాలు" సంగతేమిటో మీ చెవే చెబుతుంది.)

## 4. నడక కట్టుకోవడం

ఉర్దూలో గజల్‌కు బహర్ అనే ఛందస్సు ఉంటుంది. తెలుగులో ఎక్కువమంది మాత్రా గతుల్లో రాస్తారు: మూడు మాత్రల తిస్ర, నాలుగు మాత్రల చతురస్ర, అయిదు మాత్రల ఖండ, మూడు నాలుగు కలిపిన ఏడు మాత్రల మిశ్ర. మొదటి గజల్‌కు తిస్రగానీ చతురస్రగానీ తీసుకోండి.

గతి కూడా కాఫియా, రదీఫే చెబుతాయి. "మాట" మూడు మాత్రలు, "చాలు" మూడు మాత్రలు. కాబట్టి తిస్రం మనకు సహజంగా కుదిరింది. మూడేసి మాత్రల గణాలు (ముక్కలు) ఎనిమిది, పాదానికి 24 మాత్రలు అని ఖాయం చేసుకుందాం.

### మాత్రలు లెక్కించడం

- హ్రస్వం ఒకటి, దీర్ఘం రెండు. ఐ, ఔ కూడా రెండే.
- సున్నా ఉన్న అక్షరం రెండు: "కింద"లో "కిం".
- పొల్లుతో ముగిసిన అక్షరం రెండు.
- ద్విత్వం, సంయుక్తం ముందున్న అక్షరం రెండు: "చెయ్యి"లో "చె", "పట్టు"లో "ప".
- వేరే పదం మొదట్లో ఉన్న సంయుక్తం ముందు పదం చివరి అక్షరాన్ని సాధారణంగా బరువెక్కించదు. సమాసమైతే బరువెక్కిస్తుంది.

మూడు మాత్రల గణం మూడు రకాలుగా వస్తుంది: గురువు (రెండు మాత్రల అక్షరం) తర్వాత లఘువు, అంటే ఒక మాత్ర అక్షరం (మాట), మూడు లఘువులు (వెతుకు), లఘువు తర్వాత గురువు (కచే). మూడోది లెక్కకు సరిపోయినా నడకలో కొంచెం తూలుతుంది. పాదానికి ఒకటి మించనివ్వవద్దు.

### ఒక పాదం మూడు రాతల్లో

మొదటి రాత: చీకటి దారిలో ఒక చిన్న మాట చాలు

లెక్కిస్తే 20 మాత్రలు, నాలుగు తక్కువ. అంతకంటే పెద్ద ఇబ్బంది ఇంకొకటుంది. చీక, టిదా, రిలో అని మూడు గణాలు విడిపోయాక "ఒక" రెండు మాత్రలు, దాని పక్కన "చి" గురువు. గురువు రెండు గణాల మధ్య నలిగిపోయింది. తాళం వేస్తే చెయ్యి తప్పుతుంది.

రెండో రాత: చీకటైన దారిలోన చిన్నదైన మాట చాలు

చీక | టైన | దారి | లోన | చిన్న | దైన | మాట | చాలు. ఎనిమిది గణాలూ సరిపోయాయి. చాలామంది ఇక్కడ ఆగిపోతారు. ఆగకూడదు. "చిన్నదైన"లో "దైన" మాత్రల కోసం వచ్చిందే తప్ప అర్థం కోసం రాలేదు. "అయిన", "అట", "మరి", "ఇంక" ఇలా ఖాళీ పూడ్చే మాటలు. పాదానికి ఒకటుంటే సర్దుకోవచ్చు, రెండుంటే పాదం బోలుగా మోగుతుంది.

మూడో రాత: చీకటైన దారిలోన చెయ్యి పట్టు మాట చాలు

ఆరు మాత్రల ఖాళీలో "చిన్నదైన" బదులు "చెయ్యి పట్టు" వచ్చింది. మాటకు చెయ్యి వచ్చింది, చీకటి దారికి అర్థం వచ్చింది. మొదటి రాత భావం కోసం, రెండో రాత మాత్రల కోసం, మూడో రాత ఖాళీ మాటలను తీసేయడం కోసం. ప్రతి పాదానికీ ఈ మూడూ చేయండి. గజల్‌లో గట్టితనం మూడో రాతలోనే వస్తుంది.

### పట్టికలో గతికి సరిపోయేవి

పదాల పక్కన మాత్రలు వేయండి. మాట, పాట, బాట, ఆట: 3. పెనుగులాట, వెతుకులాట: 6. ఇవి నేరుగా కూర్చుంటాయి. సయ్యాట, కొట్లాట: 5. వీటికి ముందు ఒక మాత్ర మిగిలేలా చూసుకోవాలి, అప్పుడే ఆ లఘువు, పదం మొదటి గురువు కలిసి ఒక గణమవుతాయి. దోబూచులాట 8, దానిదీ అదే పద్ధతి. ఇది ముందే తెలిస్తే ఏ పదాన్ని ఎప్పుడు ముట్టుకోవాలో తెలుస్తుంది.

## 5. మత్లా

రెండు పాదాలూ కాఫియాతో ముగియాలి కాబట్టి రెండింటి మధ్య బంధం బలంగా ఉండాలి. ఒకే మాటను రెండుసార్లు చెప్పినట్టు ఉండకూడదు.

> చీకటైన దారిలోన చెయ్యి పట్టు మాట చాలు
> నీవు వెళ్ళిపోయినాక నిన్ను చూపు బాట చాలు

మొదటి పాదంలో తోడు ఉంది, రెండో పాదంలో తోడు లేదు. కోరిక తగ్గుతూ వచ్చింది. ఈ కదలిక లేకపోతే మత్లా రెండు నినాదాల్లా మిగులుతుంది.

మత్లా నచ్చేదాకా కింది షేర్లు రాయకూడదని పట్టుబట్టవద్దు. నియమం ఖాయమైతే చాలు, అందం తర్వాతైనా దిద్దుకోవచ్చు.

## 6. షేర్లు వెనక నుంచి రాయండి

ఈ మార్గదర్శిలో ఒక్క భాగమే ఆచరించేట్టయితే దీన్ని ఆచరించండి.

పట్టికలోంచి ఒక కాఫియా తీసుకోండి. దానికి రదీఫ్ కలపండి: "పాట చాలు". ఇప్పుడు అడగండి: ఏ పాట? ఎవరి పాట? జవాబు కవిత్వంలా ఉండాల్సిన పని లేదు, నిజమైతే చాలు. వంటింట్లో అమ్మ తీసే కూనిరాగం అనుకుందాం. దాన్ని నడకలోకి తెండి:

> అమ్మ వంటయింటిలోని కూనిరాగ పాట చాలు

రెండో మిస్రా సిద్ధం. ఇప్పుడు పైపాదం. దానికి ప్రాస బాధ్యత లేదు, కింది పాదానికి తలుపు తీస్తే సరిపోతుంది. దేనితో పోల్చినప్పుడు ఆ కూనిరాగం చాలు అనిపిస్తుంది?

> పెద్ద పెద్ద కచేరీలు పేరు మోగు సభలు వద్దు
> అమ్మ వంటయింటిలోని కూనిరాగ పాట చాలు

పైపాదం ముందు రాసి ఉంటే దానికి సరిపోయే కాఫియా కోసం పట్టికంతా తిరగాల్సి వచ్చేది. తిరిగి తిరిగి చివరికి భావాన్నే మార్చుకుంటాం.

ఇంకొకటి. కాఫియా: ఆట. ఏ ఆట? అన్నదమ్ములు అరుగు మీద ఆడుకున్నది.

> అన్నదమ్ములాడుకున్న అరుగు మీది ఆట చాలు

ఇది బాగానే ఉంది, కానీ ఉత్త జ్ఞాపకం. పైపాదంలో దానికి ఎదురు నిలిచేది కావాలి. అన్నదమ్ముల మధ్య ఏం వస్తుంది? పంపకం. దాన్ని "ఆస్తి తగాదా" అని పేరు పెట్టి చెప్పకుండా కళ్ళకు కనిపించేలా చెప్పండి:

> గోడ కట్టి ఇల్లు రెండు ముక్కలైన రోజు కూడ
> అన్నదమ్ములాడుకున్న అరుగు మీది ఆట చాలు

షేర్‌కు బలం ఇచ్చేది రెండు పాదాల మధ్య ఉన్న ఆ దూరం. పైపాదం వినగానే కిందిది ఊహకు అందిపోతే దూరం చాలలేదు. రెండూ విన్నాక కూడా కలవకపోతే దూరం ఎక్కువైంది.

"మీది ఆట" దగ్గర రెండు అచ్చులు కలుస్తాయి, గమనించే ఉంటారు. "మీదాట" అనకుండా విడదీసి పలకాలి. కాఫియాను నొక్కి చెబుతాం కాబట్టి ఇక్కడ అది కష్టం కాదు.

ఇప్పుడు రదీఫ్‌ను రెండో భావంలోకి తిప్పుదాం. తృప్తి నుంచి విసుగుకు:

> గెలిచినోళ్ళు ఓడినోళ్ళు లెక్క తేలకున్ననేమి
> ఇద్దరొక్క చూరు కింద ఇంక పెనుగులాట చాలు

ఇంతవరకు "చాలు" అంటే సరిపోతుంది అని. ఇక్కడ ఆపుదాం అని. ఇలాంటి మలుపు గజల్ మధ్యలో ఒక్కసారైనా రావాలి.

## 7. మూడో షేర్ దగ్గర ఆగిపోయినప్పుడు

ఆగిపోవడం మామూలే. అందరికీ దాదాపు ఇదే చోట జరుగుతుంది, ఎందుకంటే మొదట తట్టిన పదాలు మత్లాలోనూ రెండో షేర్‌లోనూ అయిపోతాయి. వదిలేయకముందు ఈ వరుసలో చేసి చూడండి.

పట్టికలోకి వెళ్ళండి, పాదంలోకి కాదు. రాని పాదాన్ని చూస్తూ కూర్చుంటే అది రాదు. వాడని కాఫియా తీసుకుని దాని మీద అయిదారు చిన్న వాక్యాలు వచనంలో రాయండి. మాత్రలు లెక్కించవద్దు. వాటిలో ఒక్కటైనా నడకలోకి వస్తుంది.

చూపు మార్చండి. ఇప్పటిదాకా "నేను" మాట్లాడితే ఈ షేర్‌లో ఊరు, చెట్టు, పాత ఇల్లు, పక్కింటి మనిషి రానివ్వండి. గజల్‌లో షేర్లు ఒకదానికొకటి కొనసాగింపు కానక్కర్లేదు. ప్రేమ పక్కన ఆకలి, ఆకలి పక్కన దేవుడు ఉండవచ్చు. ఒకే విషయం మీద సాగే గజళ్ళూ ఉన్నాయి గానీ తొలి ప్రయత్నానికి ఈ స్వేచ్ఛ వాడుకోండి.

నడక మర్చిపోయిందేమో చూడండి. విరామం తర్వాత కూర్చుంటే ముందు రాసిన షేర్లన్నీ చప్పట్లతో పైకి చదివి, ఆ ఊపులోనే కొత్త పాదం అనండి. కాగితం మీద మాత్రలు సరిపెట్టి రాసిన పాదం కంటే నోట్లో పుట్టిన పాదం బాగుంటుంది.

ఆ కాఫియా మొండికేస్తే మార్చండి. ఒక పదం మీద మూడు సిట్టింగుల కంటే ఎక్కువ పెట్టవద్దు. దాన్ని చెరపకుండా పక్కన గీత గీసి ముందుకు వెళ్ళండి.

పట్టికే చిన్నదైతే పోరాడవద్దు. మత్లా కాఫియాలు మార్చి ధ్వని నియమాన్ని సడలించవచ్చేమో చూడండి. అదీ కుదరకపోతే రదీఫ్ ఉంచి కాఫియా ధ్వని మార్చండి. రాసిన షేర్లు వృథా కావు, పైమిస్రాలు చాలావరకు అలాగే పనికొస్తాయి.

రోజుకు ఇరవై నిమిషాలు సరిపోతుంది. వారాల లెక్కలో ఇలా పంచుకోవచ్చు:

- [ ] మొదటి వారం: రదీఫ్, కాఫియా పట్టిక మాత్రమే. పాదాలు రాయవద్దు.
- [ ] రెండో వారం: నడక ఖాయం చేయడం, మత్లా.
- [ ] మూడు, నాలుగు వారాలు: కాఫియాకు ఒకటి చొప్పున ఆరేడు షేర్లు. అయిదు కావాలంటే ఏడు రాయండి.
- [ ] అయిదో వారం: ముట్టుకోకుండా పక్కన పెట్టడం.
- [ ] ఆరో వారం: బలహీనమైన రెండు తీసేయడం, మిగతావాటికి మూడో రాత.

అయిదో వారం దాటవేయవద్దు. రాసిన వేడిలో ప్రతి పాదమూ బాగున్నట్టే ఉంటుంది. వాట్సాప్ గ్రూపులో పెట్టాలనిపించేది కూడా అప్పుడే. అభినందనలు వచ్చాక దిద్దడానికి మనసు రాదు. ఒక్కరికి చూపించండి, మాత్రలు లెక్కించే మనిషికి.

## 8. మక్తా

కలం పేరును ఆఖర్లో అతికించవద్దు. దానికి షేర్‌లో పని ఇవ్వండి. పేరుకు సొంత అర్థం ఉంటే సులువు. ఉదాహరణకు "గువ్వ" అని కలం పేరు అనుకుందాం. మూడు మాత్రలు, మన గతికి అమరింది. "వేకువ" అయితే నాలుగు మాత్రలు, తిస్రంలో ప్రతిసారీ సర్దుబాటు కావాలి. కలం పేరు పెట్టుకునేటప్పుడు ఇది కూడా చూసుకోండి.

> గూడు చెదిరిపోతెనేమి గువ్వకింక దిగులు లేదు
> వాన వెలిసినాక కొత్త కొమ్మ వెతుకులాట చాలు

ఇక్కడ గువ్వ పక్షీ అవుతుంది, కవీ అవుతుంది. "పోతే"ను "పోతె" అని కుదించాను. పాటలో ఇలాంటి కుదింపు చెల్లుతుంది, కానీ గజల్ మొత్తంలో ఒకటి రెండు చోట్లకు మించకూడదు. కలం పేరు లేకపోతే మక్తా లేకుండా ముగించినా అది గజలే.

వరుస కూడా చూసుకోండి. మత్లా, తర్వాత పెనుగులాట, పాట, ఆట, చివర వెతుకులాట. "లాట" రెండూ దూరంగా పడ్డాయి.

## 9. తరచూ కనిపించే తప్పులు, మరమ్మతులు

పాడితే సరిపోతోంది, చదివితే సరిపోవడం లేదు. రాగం మాత్రల లోటును దాచేస్తుంది. రాగం లేకుండా చదివి ఫోన్‌లో రికార్డ్ చేసి వినండి. ఎక్కడ గొంతు తడబడిందో అక్కడ లెక్క తప్పింది.

పైమిస్రా కూడా "ఆట" ధ్వనితోనో "చాలు"తోనో ముగిసింది. మత్లా కాని షేర్లలో ఇది వినేవాళ్ళను తికమక పెడుతుంది. చివరి పదాలను తారుమారు చేస్తే సాధారణంగా సరిపోతుంది.

రెండు షేర్లు కలిపితేగానీ అర్థం కావడం లేదు. గజల్ తెలియనివాళ్ళకు ఆ ఒక్క షేరే వినిపించండి. "ఎవరి గురించి?" అని అడిగితే ఆ పేరో బంధమో పైమిస్రాలోకి తీసుకురండి.

సాకీ (మధువు పోసే మనిషి), మధుపాత్ర, దీపం చుట్టూ పురుగు. మీ జీవితంలో లేని సామగ్రి మీ గజల్‌లో ఎందుకు? అరుగు, చూరు, బస్టాండు, సెల్‌ టవర్ ఏదైనా రావచ్చు. అరువు బొమ్మలతో నిండిన షేర్‌ను తీసేయండి.

అన్ని షేర్లూ ఒకే వాక్య నిర్మాణంలో ఉన్నాయి. "ఇది వద్దు, అది చాలు" అన్న పద్ధతి "చాలు" రదీఫ్‌తో చాలా సులువుగా వస్తుంది. పై గజల్‌లో "వద్దు" ఒక్కచోటే ఉంచాను. మీ రదీఫ్ ఏ మూసలోకి లాగుతుందో గుర్తించి ఒక్కసారికే పరిమితం చేయండి.

## 10. పూర్తయిందనే ముందు

- [ ] ప్రతి పాదం మాత్రలు సమానమేనా? గణం మధ్యలో గురువు విరిగిందా?
- [ ] రదీఫ్ అన్నిచోట్లా ఒక్క అక్షరం కూడా మారలేదా?
- [ ] ఏ కాఫియా అయినా రెండుసార్లు వచ్చిందా?
- [ ] మత్లా పెట్టిన ధ్వని నియమం మక్తా దాకా నిలిచిందా?
- [ ] ప్రతి షేర్ విడిగా నిలబడుతోందా?
- [ ] రదీఫ్ కనీసం ఒకచోట వేరే భావంలో పలికిందా?
- [ ] ఖాళీ పూడ్చే మాటలు పాదానికి ఒకటి మించలేదా?

రెండో గజల్‌కు ఇదే గతి ఉంచి రదీఫ్ మాత్రమే మార్చండి. మూడోదానికి గతి మార్చండి, తిస్రం నుంచి ఖండం వైపు వెళ్ళండి. రదీఫ్ లేకుండా కాఫియాతోనే ముగిసే గజల్ కూడా ఒక పద్ధతే. పైకి సులువుగా కనిపిస్తుంది గానీ చివరి భారమంతా కాఫియా మీదే పడుతుంది కాబట్టి దాన్ని నాలుగో ప్రయత్నానికి ఉంచుకోండి. వాడకుండా గీత గీసిన కాఫియాలు, తీసేసిన షేర్లు ఉన్న కాగితాలు పారేయవద్దు. కొత్త పట్టిక మొదలుపెట్టేటప్పుడు ముందు వాటినే తెరవండి.